తలకట్టు దొరికిన రోజు

మా బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని నాకు అప్పగిస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. నేను తెలుగు టీచర్‌ని. బేతంచెర్ల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో అప్పటికే చాలా ఏళ్లుగా పద్యాలు, వ్యాకరణం చెబుతున్నాను. అంతకుముందు పట్నంలోని పెద్ద బడుల్లోనే ఉన్న కంప్యూటర్ సైన్సు పాఠాన్ని ఆ ఏడాది మా వంటి బడులకు కూడా ఇచ్చారు. చెప్పడానికి వేరే టీచర్‌ను మాత్రం ఇవ్వలేదు. లెక్కల సారు చెబుతాడులే అనుకుంటుండగానే ఆయనకు ఆదోని వైపు బదిలీ అయింది.

హెడ్‌మాస్టర్ గారు నన్ను పిలిపించారు.

"మేడం, పరీక్ష పేపర్లన్నీ తెలుగులో టైపు చేసేది మీరే కదా. ఇంగ ఈ మిషన్లు మీవే."

"సార్, నాకు టైపు తప్ప ఏమీ రాదు."

"మాకు అది కూడా రాదు మేడం," అని నవ్వి, తాళంచెవులు నా ముందు పెట్టేశారు.

పాత లైబ్రరీ గదిని కంప్యూటర్ గది చేశాం. బేతంచెర్ల బండలు పరిచిన నేల కాబట్టి ఎండాకాలంలో కూడా కాలికి చల్లగా ఉంటుంది. చుట్టూ పాలిష్ మిల్లులు. కిటికీ తెరిస్తే తెల్లటి దుమ్ము వచ్చి తెరల మీద వాలేది. ఆడపిల్లలు గదిలోకి రాగానే చున్నీ కొసతో తెర తుడిచి, తర్వాతే స్విచ్చి వేసేవాళ్లు. ఒక్కో మిషన్ ముందు ముగ్గురు. ఒకరి చేతులు కీబోర్డు మీద ఉంటే మిగతా ఇద్దరి నోళ్లు పనిచేసేవి.

ఆ వేసవిలో, బడులు తెరవకముందే, ఈ పాఠం చెప్పాల్సిన టీచర్లకు కర్నూలులో శిక్షణ ఇచ్చారు. చెప్పినావిడ నా కూతురి వయసు అమ్మాయి. మొదటి రోజు ఆమె మాటలు నాకు సగం కూడా ఎక్కలేదు. ఇంటికి తిరిగి పోయి, చేతకాదని రాసిచ్చేద్దామనుకున్నాను. రెండో రోజు ఆమె, "మిషన్‌కు షరతు పెట్టి చెప్పాలి మేడం. ఇలా ఉంటే ఈ పని చెయ్యి, లేకపోతే ఆ పని చెయ్యి అని," అంటూ బోర్డు మీద రాసింది. నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఈ వాక్యం నాకు తెలుసు. ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి జరుగుతుంది. అకారం తర్వాత అచ్చు వస్తే ఒక్కోసారి జరుగుతుంది. నా ఉద్యోగమంతా నేను పిల్లలకు చెప్పింది ఇవే వాక్యాలు. ఇలా ఉంటే ఇలా చెయ్యి. ఆ సాయంత్రం రైల్లో తిరిగొస్తూ కిటికీలోంచి నాపరాతి గుట్టల్ని చూస్తూ ఒకటే ఆలోచించాను. సంధి సూత్రాన్ని మిషన్‌కు చెబితే, అది మాటల్ని కలుపుతుందా?

ఎనిమిదో తరగతి పిల్లలతో మొదలుపెట్టాం. పేరు రాయించడం, కూడికలు, ఒకే మాటను వందసార్లు రాయించడం. ఇదంతా వాళ్లకు ఆటే. అసలు విషయం జరిగింది మాట పొడవు అడిగిన రోజున. ఏ మాట ఇచ్చినా అందులో ఎన్ని అక్షరాలున్నాయో మిషన్ లెక్కపెట్టి చెబుతుంది. ఒక పిల్ల 'అమ్మ' అని కొట్టింది. రెండు వస్తుందని అందరం అనుకున్నాం. నాలుగు వచ్చింది.

"మిషన్ చెడిపోయినాది మేడం," అన్నారు వెనక నుంచి.

నాకూ అదే అనుమానం. అయినా, ఆ నాలుగూ ఏవో ఒక్కొక్క వరసలో చూపించమని అడిగాం. తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చాయి. మొదట అ. దాని కింద మ. దాని కింద చుక్కల వలయం మీద ఒంటరిగా పొల్లు గుర్తు. దాని కింద మళ్లీ మ.

ఒత్తు అని మనం ఒక్క గీతలో రాసేదాన్ని మిషన్ విడదీసి పెట్టుకుంది. మొదటి మ కు పొల్లు తగిలి దాని అచ్చు పోయింది, పోయాక పక్కనున్న మ కు అతుక్కుంది. వ్యాకరణంలో అచ్చుల్ని ప్రాణాలంటారు, హల్లుల్ని ప్రాణులంటారు. ప్రాణం పోతే పొల్లు. ఇదంతా బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. అది నిజంగా అక్షరం లోపల అలాగే ఉందని కళ్లతో చూడడం మాత్రం అదే మొదలు. వాచీలో ముళ్లు చూడడం మాత్రమే తెలిసినవాళ్లకు వెనక మూత తీసి చూపించినట్టయింది.

ఆ వారమే పిల్లలతో అన్నాను. "సంధి చేసే ప్రోగ్రాం మనమే రాద్దాం."

ఉత్వసంధితో మొదలుపెట్టాం. మొదటి మాట చివర కొమ్ము ఉంటే దాన్ని తీసెయ్యాలి. రెండో మాట మొదట్లో ఉన్న అచ్చును తీసి, దాని బదులు దాని గుర్తు పెట్టాలి. ఇ ఉంటే గుడి, ఎ ఉంటే ఎత్వం. పిల్లలు ఏ అచ్చుకు ఏ గుర్తో జతలు జతలుగా మిషన్‌కు నేర్పారు. 'వాడు', 'ఎవడు' అని ఇచ్చి మీట నొక్కితే 'వాడెవడు' అని వచ్చింది. గది దద్దరిల్లింది. పక్క తరగతిలో సోషల్ చెబుతున్న సారు తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్లారు.

తరగతిలో ఒక పొడుగు పిల్ల ఉండేది. వాళ్ల అమ్మానాన్నలు లారీలకు బండలు ఎత్తే పనికి పోతారు. ఎప్పుడూ ఏదో ఒక అల్లరి చెయ్యందే ఆ పిల్లకు తోచదు. పుస్తకంలోని మాటలు వదిలేసి, తను మాట్లాడే మాటలే కొట్టింది. 'యాడ', 'ఉండావు'. అందరూ నవ్వారు. మీట నొక్కింది. 'యాడఉండావు' అని రెండూ పక్కపక్కనే వచ్చి నిలబడ్డాయి. కలవలేదు.

"మనం యాడుండావు అంటాం కదా మేడం. దీనికి రాలే."

"అది ఉత్వసంధి కాదు. అత్వసంధి. చివర అ ఉంది. దాన్ని తీసెయ్యాలి," అన్నాను.

"కొమ్ము తీసేసినట్ల తలకట్టు తీసేద్దాం," అంది పొడుగు పిల్ల. కీబోర్డు మీదికి వంగింది. దీర్ఘం ఉంది, గుడి ఉంది, కొమ్ము ఉంది, ఏత్వం ఉంది, పొల్లు కూడా ఉంది. "తలకట్టు యాడుండాది మేడం?"

వెతికాను. లేదు. అన్ని మీటలూ ఒక్కొక్కటే నొక్కి చూశాం. షిఫ్టు పట్టుకొని నొక్కి చూశాం. మూడు నాలుగు మిషన్ల ముందు పిల్లలు గుంపుగా చేరి వెతికారు. ఒకటో తరగతిలో పలక మీద మొట్టమొదట దిద్దించే గుర్తు, క మీద చిన్న టిక్కులాగా పెట్టే తలకట్టు, ఏ మీటలోనూ లేదు. 'యాడ' అనే మాటను విడదీసి చూపించమని అడిగితే, చివర్లో ఉత్త డ మాత్రమే వచ్చింది. డ తర్వాత ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని తీసెయ్యమని ఎలా చెప్పాలి? నాకు తోచలేదు. రేపు చూద్దామని గంట కొట్టగానే పంపించేశాను.

ఆ తరగతిలో ఇంకో అమ్మాయి ఉండేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. తన వంతు వస్తే కీబోర్డు ముట్టుకుంటుంది, లేకపోతే పక్కవాళ్ల భుజం మీదుగా చూస్తూ ఉంటుంది. వాళ్ల దాదా పాలిష్ మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉన్నాడు. మిల్లు మోతకు చెవులు మందగించాయి. మనవరాలికి సాయంత్రాలు ఉర్దూ చదవడం నేర్పేది ఆయనే. ఆయనకు వినపడాలంటే పిల్ల అరిచి చదవాలి, ఆయన అరిచి దిద్దాలి. ఆ వీధిలో వాళ్లందరికీ ఆమె పాఠం వచ్చేసి ఉంటుందని తోటి పిల్లలు ఏడిపించేవాళ్లు.

మరుసటి రోజు ప్రార్థన గంట కొట్టకముందే ఆ అమ్మాయి వరండాలో నా కోసం నిలబడి ఉంది. సంచీ కూడా దించలేదు.

"మేడం, తలకట్టు దొరికినాది."

"యాడ?" అన్నాను. తరగతిలో పుస్తకం భాషే మాట్లాడే నా నోట ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"యాడా లేదు మేడం. లేకపోవడమే తలకట్టు."

నాకు అర్థం కాలేదు. కంప్యూటర్ గది తలుపు తీసి, సుద్దముక్క ఇచ్చి, చెప్పమన్నాను. ఆమె బోర్డు కుడివైపు నుంచి ఎడమకు మూడు ఉర్దూ అక్షరాలు రాసింది.

"ఇది క, ఇది ల, ఇది మ. మూడే రాసినా కదా మేడం. కానీ దీన్ని కలం అని చదువుతాం. రాసుకునే కలం. మనం తెలుగులో అంటాం కదా, అదే."

"క కు, ల కు అ ఎక్కడ నుంచి వచ్చింది?"

"అది జబర్ మేడం. అక్షరం నెత్తిన చిన్న గీత." మొదటి రెండు అక్షరాల మీద చిన్న ఏటవాలు గీతలు పెట్టి చూపించింది. "చిన్నపిల్లోళ్లకు మొదట్ల గీసి చూపిస్తారు. చదవను వచ్చినాక ఇంగ గీయరు." ఆ గీతలు చెరిపేసింది. "ఇప్పుడు గీత లే. కానీ జబర్ ఉండాది. నిన్న రాత్రి దాదా దగ్గర ఇదే పాఠం చదువుతాంటే తట్టినాది. తలకట్టు కూడా నెత్తి మీదనే కదా ఉండేది. మిషన్‌కు చదవను వచ్చు మేడం. అందుకే దానికి తలకట్టు రాయరు."

ఆమె చెరిపిన చోటునే చూస్తూ అడిగాను.

"మరి గీయకపోతే, అక్కడ ఉన్నది అ అని ఎలా తెలుస్తుంది? ఇ కావచ్చు, ఉ కావచ్చు."

"ఉర్దూలో ఆ బాధ ఉండాది మేడం. అ చెప్పే జబరో, ఇ చెప్పే జేరో, ఉ చెప్పే పేషో మాటను బట్టి మనమే గుర్తు పట్టాల. తెలుగులో ఆ బాధ లే. ఇ ఉంటే గుడి రాస్తారు, ఉ ఉంటే కొమ్ము రాస్తారు. ఏదీ రాయకుంటే, అది అ నే."

పదమూడేళ్ల పిల్ల రెండు లిపులను పక్కపక్కన పెట్టి, ఒకదానితో ఇంకోదాన్ని చదివింది. ఎడమ నుంచి కుడికి రాసేదొకటి, కుడి నుంచి ఎడమకు రాసేదొకటి. రెండిట్లోనూ అక్షరం నెత్తిన అదే అ. ఒకరు తలకట్టు అన్నారు, ఒకరు జబర్ అన్నారు. ఈ ఊళ్లో రెండు భాషలూ ఒకే వీధిలో వినపడతాయి, నేనూ రోజూ వింటాను. అయినా ఈ పోలిక నాకు ఎన్నడూ తట్టలేదు. బయట ప్రార్థన మొదలైనా మేమిద్దరం పోలేదు.

ఆ రోజు తరగతిలో ఆమె చెబుతుంటే పొడుగు పిల్ల టైపు చేసింది. చివరి అక్షరం ఉత్త హల్లే అయితే అక్కడ అ ఉన్నట్టు. తీసెయ్యడానికి ఏమీ లేదు. రెండో మాటలోని అచ్చు తీసి, దాని గుర్తును తెచ్చి ఆ హల్లుకు తగిలిస్తే చాలు. ఆ వచ్చే అచ్చు కూడా అ అయితే, ఏమీ తగిలించనక్కర్లేదు. ఇంతే. మూడు వరసల కంటే ఎక్కువ కాలేదు.

'యాడ', 'ఉండావు' ఇచ్చారు. మీట నొక్కారు.

'యాడుండావు'.

ఈసారి ఎవరూ అరవలేదు. తెర మీద మా ఊరి మాట, మా ఇళ్లల్లో పలికినట్టే, మమ్మల్నే అడుగుతున్నట్టు నిలబడి ఉంది. ఒక పిల్ల దానికి బదులు చెబుతున్నట్టు నెమ్మదిగా, "ఈడే ఉండా," అంది. అప్పుడు నవ్వారు అందరూ.

ఇక ఆపడం నా వల్ల కాలేదు. 'మేన', 'అత్త' ఇస్తే 'మేనత్త' వచ్చింది. 'చింత', 'ఆకు' ఇస్తే 'చింతాకు'. 'పుట్టిన', 'ఇల్లు' ఇస్తే 'పుట్టినిల్లు'. గంట కొట్టినా లేవలేదు. మధ్యాహ్న భోజనానికి వంటావిడే వచ్చి, "అన్నం సల్లారిపోతాండాది రాండమ్మా," అని పిలవాల్సి వచ్చింది.

మరో వారానికి మిషన్ మమ్మల్ని ఇరుకున పెట్టింది. ఎవరో 'అమ్మ', 'ఇల్లు' ఇచ్చారు. 'అమ్మిల్లు' అని వచ్చింది.

"ఎవురూ అట్ల అనరు మేడం. పుట్టినిల్లు అంటాం, అమ్మిల్లు అనం. ఏమిటికి?"

"అత్వసంధి ఒక్కోసారి జరుగుతుంది, ఒక్కోసారి జరగదు. వ్యాకరణం అలాగే చెప్పింది."

"మిషన్‌కు 'ఒక్కోసారి' అని ఎట్ల చెప్పాల?"

"మన నోటికి తెలుస్తుంది కదా," అన్నాను.

"నోటికి ఎట్ల తెలుస్తాది?" అడిగింది పొడుగు పిల్ల. అల్లరికి అడగలేదు. నిజంగానే అడిగింది.

ఆ ప్రశ్నను నా నోటుపుస్తకంలో రాసుకున్నాను, ఇప్పటికీ అక్కడే ఉంది. మాటలు నేర్చుకునే పసిపిల్ల కూడా 'అమ్మిల్లు' అనదు. ఎవరూ నేర్పకుండానే ఏది కలపాలో, ఏది కలపకూడదో నాలుకకు తెలిసిపోతుంది. మూడు వరసల్లో మిషన్‌కు నేర్పగలిగింది చూసి అబ్బురపడ్డాను. నేర్పలేకపోయింది చూశాక, 'రాండి', 'అమ్మా' కలిపి 'రాండమ్మా' అని మా వంటావిడ పిలిచిన పిలుపు కూడా నాకు అద్భుతంగానే వినిపించింది.

ఆ ఏడాది చివర్లో సీమ జిల్లాల టీచర్లందరికీ కలిపి కడపలో సమావేశం పెట్టారు. కొత్తగా కంప్యూటర్ పాఠం మొదలుపెట్టిన బడులు తమ పిల్లలు చేసింది చూపించాలి. మేము సంధి ప్రోగ్రాం తీసుకుపోయాం. ఆ ఇద్దరు పిల్లలూ, నేనూ, తోడుగా ఆ అమ్మాయి దాదా. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, కొత్త టోపీ వేసుకొని, అందరికంటే ముందే బస్టాండులో ఉన్నాడు.

హాల్లో పెద్ద తెర. పొడుగు పిల్ల మాటలు కలిపి చూపిస్తుంటే, ఆ అమ్మాయి తలకట్టు సంగతి చెప్పింది. మొదట్లో తడబడింది, జబర్ దగ్గరికి వచ్చేసరికి కుదుటపడింది. అంతా అయ్యాక వెనక వరసలోంచి ఒక ఉర్దూ టీచర్ లేచాడు.

"మన ఉర్దూ కూడా దీంట్ల ఇట్లే ఉంటాదా పాపా? ఒకసారి రాసి సూపీ."

మేము ఆ ప్రయత్నం ఎప్పుడూ చెయ్యలేదు. ఆయనే ముందుకు వచ్చి మిషన్‌లో ఉర్దూ కీబోర్డు పెట్టిచ్చాడు. ఆమె 'కలం' అని మూడు మీటలు నొక్కింది. అక్షరాలు తెర కుడి అంచు వైపు నుంచి పుట్టి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు కలుసుకుంటూ ఎడమకు నడిచాయి. పొడవెంత అని అడిగింది. మూడు. తర్వాత క మీద జబర్ పెట్టింది. నాలుగు. మొదటి అక్షరం ఏదని అడిగింది. కుడి చివరనున్న క ను చూపించింది మిషన్.

"దానికి కుడి లే, ఎడమ లే మేడం. మొదటిది, దాని తర్వాతది, అంతే," అంది నా వైపు తిరిగి, తనే నమ్మలేనట్టు.

దాదా ఎప్పుడు లేచాడో, తెర దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మనిషి అంత ఎత్తున ఉన్న ఆ అక్షరాల మీద తన నీడ పడుతోందని చూసి, కొంచెం పక్కకు జరిగి, మళ్లీ చూశాడు. ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు.

కడప నుంచి వచ్చాక చుట్టుపక్కల బడుల నుంచి ఫోన్లు వచ్చాయి. చేసినవాళ్లలో తెలుగు టీచర్లు ఉన్నారు, హిందీ టీచర్లు ఉన్నారు, డోన్ వైపు నుంచి ఒక ఉర్దూ బడి హెడ్‌మిస్ట్రెస్ కూడా ఉన్నారు. కంప్యూటర్లు లెక్కల వాళ్లకే అని ఇన్నాళ్లూ దూరంగా ఉన్నవాళ్లు వీళ్లంతా. ఇప్పుడు శనివారాలు నేను ఏదో ఒక బడికి పోతుంటాను. ఆ ఇద్దరు పిల్లలూ ఇంటర్‌కు వచ్చారు. ఒకరు కర్నూలులో, ఒకరు నంద్యాలలో చదువుతున్నారు.

కానీ ఆ కడప ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయింది తిరుగు బస్సు. మైదుకూరు దాటాక కుడివైపు నల్లమల కొండలు మసకగా కనిపిస్తున్నాయి. పిల్లలిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకొని నిద్రపోతున్నారు. ముందు సీట్లోంచి దాదా వెనక్కి తిరిగాడు. చెవులు వినపడవు కాబట్టి బస్సంతా వినేలా అడిగాడు.

"అమ్మా, ఈ అక్షరాలన్నీ దాంట్లోకి ఎవురు పెట్టినారు?"

నాకు తెలియదు. ఎవరో పెట్టారు. ఏ ఊరివాళ్లో, ఏ దేశం వాళ్లో, మన గుడినీ కొమ్మునూ పొల్లునూ, ఉర్దూ జబర్‌నూ జేర్‌నూ ఒక్కొక్కదాన్నే ముందు పెట్టుకొని, దేనికీ అన్యాయం జరగకుండా ఒక్కోదానికి ఒక్కో అంకె ఇచ్చి కూర్చోబెట్టారు. ఇప్పుడు ఎవరూ వాడని ఌ ను కూడా మరిచిపోలేదు. ఇదంతా ఆయనకు వినపడేలా గట్టిగా చెప్పాను. బస్సులో కొందరు తిరిగి చూశారు.

"శానా ఓపికైన మనుషులు," అన్నాడాయన. రెండు చేతులూ ముందుకు చాచి, కళ్లు మూసుకొని, పెదవులతో ఏదో చదువుకున్నాడు. తర్వాత అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"వాళ్లు యాడున్నా అల్లా సల్లగా సూడల్ల," అన్నాడు.

కండక్టరు చాగలమర్రి అని కేక వేశాడు.